సముద్రంలో కలిసే వంశధార, నాగావళి నీరు నిజంగా వృథాయేనా?

కళింగపట్నం_లంగరు
ఏటా ఆగస్టు వచ్చేసరికి వంశధారపై ఉన్న గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారనీ, ఇన్ని వేల క్యూసెక్కుల నీరు సముద్రం పాలైందనీ పత్రికలలో చదువుతూనే ఉన్నాం. మా ఇంట్లో సగం మందికి ఆ వార్త బాధ కలిగించదు. మా మేనమామ వేటకు వెళ్ళే మనిషి. వంశధారకు ఎర్రనీరు, అంటే వరద బురదనీరు, సరిగా రాని ఏడాది మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర రొయ్య పడదనీ, వచ్చిన ఏడాది నెత్తళ్ళు, కవళ్ళు ఒడ్డుకు దగ్గరగానే దొరుకుతాయనీ ఆయన గట్టిగా నమ్ముతారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టిన మా బావగారు అదంతా భ్రమ అనీ, ఉప్పునీటిలో కలిసిన ప్రతి చుక్కా పోయినట్టేననీ అంటారు. పోయిన వారం భోజనాల దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నది సముద్రానికి నిజంగా ఏమైనా ఇస్తుందా, ఇస్తే ఎంత ఇస్తుంది, అది చేప దాకా ఎలా చేరుతుంది అన్నది తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

నాగావళి_ఆయకట్టు
నేను మీ బావగారి పక్షం. కాలువ చివర భూములున్నవారికి వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఒక్క తడి అందకపోతే ఏమవుతుందో మీ మేనమామగారు ఒకసారి వచ్చి చూడాలి. చేపలకు సముద్రమంతా ఉంది, మాకున్నది ఆ కాలువ ఒక్కటే.

సాగర_విద్యార్థి
లంగరు గారు మూడు ప్రశ్నలు అడిగారు కనుక కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

నది మోసుకువచ్చేదాన్ని మూడు రకాలుగా చూడవచ్చు. మొదటిది నీటిలో తేలివచ్చే మట్టి, ఒండ్రు. రెండవది నీటిలో కరిగి ఉన్న పోషకాలు, అంటే నత్రజని, భాస్వరం, సిలికా. మూడవది సేంద్రియ పదార్థం: కుళ్ళిన ఆకులు, నేల పైపొరలోని జీవాంశం, పంట వ్యర్థాలు, ఊళ్ళ మురుగు. ప్రపంచంలోని నదులన్నీ కలిసి ఏటా సుమారు 1,900 కోట్ల టన్నుల ఒండ్రును సముద్రాలకు చేరుస్తాయని అంచనా. సేంద్రియ కర్బనం ఏటా 40 కోట్ల టన్నులకు పైగా ఉంటుంది. అందులో సగానికి మించి కరిగిన రూపంలో వస్తుంది, మిగిలినది మట్టి రేణువులకు అంటుకుని వస్తుంది.

మన నదులు చిన్నవే. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలోని తూర్పు కనుమలలో పుట్టి, ఒక్కొక్కటి 250 కిలోమీటర్లకు కాస్త పైగా ప్రవహించి, ఒకటి కళింగపట్నం వద్ద, మరొకటి కళ్ళేపల్లి దగ్గర సముద్రాన్ని చేరతాయి. అయితే వాటి పరీవాహక ప్రాంతం నిటారైన కొండలు, ఖోండలైటు రాయి, దాని నుంచి ఏర్పడిన ఎర్రమట్టి. వాన పడగానే ఆ మట్టి కదులుతుంది. అందువల్లనే మన ఎర్రనీరు అంత ఎర్రగా ఉంటుంది.

చేప దాకా చేరే దారి ఇది. సముద్రపు పైనీటిలో కంటికి కనిపించని వృక్ష ప్లవకాలు ఉంటాయి. అవి ఎండను, పోషకాలను వాడుకుని పెరుగుతాయి. వాటిని సూక్ష్మ జంతువులు, ఆ జంతువులను నెత్తళ్ళు, నెత్తళ్ళను పెద్ద చేపలు తింటాయి. ఎండకు మనకు కొరత లేదు, పోషకాలకే కొరత. అమెరికా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ గమనించినదేమిటంటే, ప్లవకాల దేహంలో ప్రతి ఒక్క భాస్వరం పరమాణువుకు సుమారు 16 నత్రజని పరమాణువులు, 106 కర్బన పరమాణువులు ఉంటాయి. ఈ మూడింటిలో కర్బనం నీటిలో కావలసినంత కరిగి ఉంటుంది. మిగిలిన రెండింటిలో ఏది తక్కువైతే పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది.

పలాస_జీడిగింజ
మా ఊరి జీడితోటల నుంచి కొట్టుకుపోయిన ఎర్రమట్టి కూడా అందులో ఉంటుంది కనుక, ఇకమీదట నెత్తళ్ళ వేపుడులో జీడిపప్పు వేయడం న్యాయమే.

బొబ్బిలి_లెక్కల_మాస్టారు
ఎంత ఇస్తుందన్న ప్రశ్నకు ఎవరూ లెక్క వేయలేదు కనుక నేను వేస్తాను. ఇవి కొలిచిన అంకెలు కావు, కొన్నింటిని అనుకుని చేసిన లెక్క మాత్రమే.

ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. వరద నీటిలో లీటరుకు అర గ్రాము మట్టి ఉందనుకుంటే ఒక టీఎంసీతో పాటు 14,150 టన్నుల మట్టి, అంటే పది టన్నుల లారీలు 1,400 పైచిలుకు వెళ్ళినట్టు. ఆ మట్టిలో నూటికి ఒక వంతు సేంద్రియ కర్బనం ఉన్నా 140 టన్నులు. కరిగిన నత్రజని లీటరుకు అర మిల్లీగ్రాము అనుకుంటే 14 టన్నులు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు ఉంటుంది కనుక, ఇది దాదాపు 680 బస్తాలకు సమానం.

సాగర విద్యార్థి గారు చెప్పిన నిష్పత్తి ప్రకారం 14 టన్నుల నత్రజనితో 80 టన్నుల కర్బనం గల ప్లవకాలు పెరుగుతాయి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పదో వంతు మాత్రమే చేరుతుందంటారు. అంటే సూక్ష్మ జంతువులలో 8 టన్నులు, నెత్తళ్ళలో 0.8 టన్ను. పచ్చి చేప బరువులో పదో వంతు కర్బనమని తీసుకుంటే, ఒక టీఎంసీకి 8 టన్నుల నెత్తళ్ళు. ఇదే ఒక టీఎంసీతో ఎన్ని వేల ఎకరాల వరి పండుతుందో ఆయకట్టు గారికి చెప్పనక్కరలేదు.

నాగావళి_ఆయకట్టు
మాస్టారు నా పని తేలిక చేశారు. అన్నట్టు ఆ 680 బస్తాల యూరియాలో మా గట్ల మీదుగా పోయినదే ఎక్కువ ఉంటుంది. కనుక ఆ 8 టన్నుల నెత్తళ్ళలో నాకు కౌలు వాటా రావాలి.

కళింగపట్నం_లంగరు
వాటా తప్పకుండా ఇస్తాం, కానీ వల లాగడానికి తెల్లవారుజామున మూడింటికి రావాలి.

సాగర_విద్యార్థి
మాస్టారి కూడికలు, గుణింతాలు సరిగానే ఉన్నాయి. కానీ ఆ లెక్క నత్రజని ఒక్కసారి మాత్రమే వాడకమవుతుందన్నట్టుగా ఉంది. ప్లవకాన్ని తిన్న జీవి విసర్జించిన నత్రజనిని ఇంకో ప్లవకం వెంటనే అందుకుంటుంది. ఒకే అణువు లోతుకు జారిపోయేలోగా పైనీటిలో చాలాసార్లు చేతులు మారుతుంది. ఆ విధంగా చూస్తే 8 టన్నులు తక్కువ అంచనా. మరోవైపు, మొగలోని బురదలో గాలి అందని చోట బ్యాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి ఆకాశంలోకి పంపేస్తుంది, కనుక 14 టన్నులూ సముద్రం దాకా చేరవు. భాస్వరం ఇంకో తీరు. అది బంకమట్టిపై ఉండే ఇనుము పొరకు అంటుకుని వస్తుంది, ఉప్పునీరు తగిలాక కొంత విడిపోతుంది. బంకమట్టి రేణువులు మాత్రం ఉప్పు తగలగానే ఒకదానికొకటి అతుక్కుని ముద్దలై అడుగుకు దిగిపోతాయి. పాలలో నిమ్మరసం పిండినట్టు నది నీరు మొగ దగ్గర విరుగుతుంది అనుకోండి. అందుచేత నది తెచ్చినదంతా సముద్రానికి చేరినట్టు కాదు. మొగే మొదటి వాటాదారు.

ఉప్పుమడి_నౌపడ
మొగే మొదటి వాటాదారు అన్న మాట రొయ్యల విషయంలో నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. తెల్లరొయ్య, టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలోనే. పిల్లలు మాత్రం పోటుతో పాటు మొగలోకి, ఉప్పుటేరుల్లోకి వచ్చి, అక్కడి కుళ్ళిన సేంద్రియ పదార్థం తిని పెరిగి, మళ్ళీ సముద్రానికి వెళతాయి. లంగరు గారి మేనమామ చెప్పిన రొయ్య సంగతికి కారణం ప్లవకాల లెక్కలో కన్నా ఇందులోనే ఎక్కువ ఉంది. నీరు రాకపోతే మొగలో ఇసుక మేట వేసి దారి సన్నబడుతుంది. అప్పుడు పిల్ల లోపలికి రాదు, వచ్చినది బయటికి పోదు.

మనకు ఉత్తరాన ఉన్న చిలికా సరస్సు ఇందుకు మంచి ఉదాహరణ. సముద్రానికి దారి పూడిపోయి అక్కడి చేపల దిగుబడి బాగా పడిపోయింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ఆ తరువాత ఒకటి రెండేళ్ళలోనే చేపలు, రొయ్యలు, పీతలు అనేక రెట్లు పెరిగాయి.

తోటపల్లి_తూము
చిలికాలో తవ్వింది సముద్రపు దారిని. నదిలో నీరు పెంచి సాధించిన ఫలితం కాదది. రెండింటినీ కలపడం నాకు సబబుగా తోచడం లేదు.

ఉప్పుమడి_నౌపడ
మీ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. అయితే మన చిన్న నదులలో ఆ దారిని ఏటా తెరిచి ఉంచేది వరదే. తవ్వకం యంత్రం చేసినా, వరద చేసినా పిల్లరొయ్యకు తేడా లేదు. ఖర్చు భరించే ప్రభుత్వానికే తేడా.

బారువ_దీపస్తంభం
నా అనుభవం కొంత ఎదురుగా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మహేంద్రతనయ, బాహుదా, వంశధార మూడూ పొంగాయి. మాస్టారి లెక్క ప్రకారం ఆ నెల సముద్రం నిండా నెత్తళ్ళే ఉండాలి. కానీ మా వాళ్ళ వలలలో పడినవి కొబ్బరి మట్టలు, వేళ్ళతో సహా లేచిన చెట్లు, చనిపోయిన పశువులు. నీరు చాలా దూరం వరకు ఎర్రగా ఉండి, వలలు చిరిగి, చాలా రోజులు వేటే సాగలేదు. ఎక్కువ నీరు వస్తే ఎక్కువ చేప అన్న సూత్రాన్ని నేను ఒప్పుకోలేను.

సాగర_విద్యార్థి
దీపస్తంభం గారి అనుభవం ఈ విషయానికి అడ్డం కాదు, నిజానికి దానిలో భాగమే. బురదనీటిలోకి ఎండ దిగదు. పోషకాలు ఎంత ఉన్నా వెలుతురు లేని చోట ప్లవకం పెరగదు. మట్టి అడుగుకు దిగిన తరువాత, బురదనీటి అంచు దాటిన చోట, నీరు ఆకుపచ్చగా మారడం అప్పుడు మొదలవుతుంది. అమెజాన్ వంటి మహానదికి ఆ అంచు తీరం నుంచి వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మన నదులకు చాలా దగ్గరలోనే ఉంటుంది. వేటకు వెళ్ళేవారు ఎర్రనీటి మధ్యలో కాకుండా, ఎర్రనీరు నీలినీరు కలిసే గీత వెంబడి వల వేయడానికి ఇదొక కారణం.

ఇంకొక మాట. వరదతో వచ్చిన సేంద్రియ పదార్థం చేపకు నేరుగా మేత కాదు. దానిని మొదట తినేది బ్యాక్టీరియా. తింటూ నీటిలోని ప్రాణవాయువును వాడుకుని, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. అందువల్ల పెద్ద వరద వచ్చిన వెంటనే మొగ కర్బనాన్ని దాచుకోవడానికి బదులు గాలిలోకి వదిలే చోటుగా మారుతుంది. గోదావరి మొగలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రం వారు చేసిన పరిశీలనలలో ఇది స్పష్టంగా కనిపించింది.

చంపావతి_కోనాడ
ఇంతవరకు అందరూ మన నదుల గురించే రాశారు కానీ, మన తీరపు నీరు మన నదులది మాత్రమే కాదన్న సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల వరద నీరు అప్పుడు మన ఒడ్డు మీదుగానే పోతుంది. కార్తీక మాసంలో కోనాడ దగ్గర సముద్రపు నీటిలో ఉప్పు తగ్గిందంటే అందులో అక్కడ కలిసే చంపావతి నది వాటా చాలా తక్కువ, గంగమ్మ వాటాయే ఎక్కువ. ఫిబ్రవరి నుంచి మే వరకు ప్రవాహం తిరగబడి ఉత్తరానికి పోతుంది. ఆ కాలంలో గాలి వాటానికి పైనీరు ఒడ్డు నుంచి దూరంగా జరిగి, పోషకాలున్న అడుగునీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వచ్చిన లఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త విశాఖ తీరంలో దీనిని గమనించారు. నదులలో చుక్క నీరు లేని వేసవిలో కూడా మన తీరంలో చేపలుండటానికి అదొక ఆధారం.

కనుక మంచి వేట అంతటికీ వంశధారే కారణమంటే ఎక్కువ చెప్పినట్టు, అసలు సంబంధమే లేదంటే తక్కువ చెప్పినట్టు.

నాగావళి_ఆయకట్టు
గంగమ్మ ఎలాగూ ఇస్తోందని తేలింది కనుక మా నాగావళిని మాకు వదిలేయండి.

సాగర_విద్యార్థి
ఆయకట్టు గారూ, గంగ నీరు మేలుతో పాటు ఒక ఇబ్బందిని కూడా తెస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. బంగాళాఖాతం మీద ఆ తేలిక నీరు మూతలా పరుచుకుని, కింది పోషకాలను పైకి రానివ్వదు. ఇన్ని మహానదులు కలుస్తున్నా బంగాళాఖాతంలో ప్లవకాల ఉత్పత్తి అరేబియా సముద్రంలో కన్నా తక్కువగా ఉండటానికి ఇది ముఖ్య కారణం. ప్రపంచ సముద్రాలన్నింటినీ కలిపి చూసినా, ప్లవకాలకు అందే పోషకాలలో నదుల నుంచి కొత్తగా వచ్చే భాగం చిన్నదే. అధిక భాగం సముద్రంలోనే తిరుగుతూ ఉండేది. నది ప్రభావం మొగ దగ్గర, తీరం వెంబడి ఉన్న సన్నని పట్టీలో బలంగా ఉంటుంది. తెప్పలు, చిన్న పడవలు తిరిగేది కూడా ఆ పట్టీలోనే.

బొబ్బిలి_లెక్కల_మాస్టారు
నీటిని పూర్తిగా ఆపివేస్తే ఏమవుతుందో చూపే ఉదాహరణ ఎక్కడైనా ఉందా? అంచనాల మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు, జరిగినది ఉంటే చెప్పండి.

చంపావతి_కోనాడ
నైలు నది ఉంది. 1964లో ఆస్వాన్ పెద్ద ఆనకట్టలో నీరు నింపడం మొదలుపెట్టాక మధ్యధరా సముద్రానికి ఏటా వచ్చే వరద ఆగిపోయింది. అక్కడ కూడా వరద వెనుకే కవళ్ళ వంటి సార్డైన్ చేపలు వచ్చేవి. 1962లో ఈజిప్టు తీరంలో సుమారు 18,000 టన్నులు పడిన ఆ చేప, 1960ల చివరికి వెయ్యి టన్నులు కూడా పడలేదు. కొన్ని వందల టన్నులకు దిగజారింది.

తోటపల్లి_తూము
కోనాడ గారు కథ సగంలో ఆపారు. 1980ల నుంచి ఈజిప్టులో చేపల దిగుబడి మళ్ళీ పెరిగింది. పొలాలలో వాడిన ఎరువులు, కైరో, అలెగ్జాండ్రియా నగరాల మురుగు సముద్రానికి చేరి, వరద ఇచ్చిన పోషకాల లోటును తీర్చాయని పరిశోధకులు భావించారు. అంటే నీరు ఆపినా పోషకాలకు వేరే దారి దొరికింది. నది నీరు లేకపోతే చేప లేదన్న వాదన అక్కడ కూడా పూర్తిగా నిలవలేదు.

కళింగపట్నం_లంగరు
తూము గారూ, మురుగు తిన్న చేప కావాలా, ఎర్రనీటి చేప కావాలా అని అడిగితే మా మేనమామ ఏమంటారో ఇక్కడ రాయదగినది కాదు.

సాగర_విద్యార్థి
లంగరు గారు పరిహాసంగా అన్నా అందులో పట్టు ఉంది. పోషకం ఎంత అన్నదొక్కటే చాలదు, ఏ పోషకం అన్నది కూడా చూడాలి. ఎరువు, మురుగు నత్రజనిని, భాస్వరాన్ని ఇస్తాయి కానీ సిలికాను దాదాపు ఇవ్వవు. సిలికా రాళ్ళు కరగడం వల్ల వచ్చేది. డయాటమ్‌లు అనే ప్లవకాలు తమ గాజు పెంకులను దానితోనే కట్టుకుంటాయి. చిన్న చేపలకు మేలైన మేత వరుసలకు తరచుగా ఆ డయాటమ్‌లే మొదలు. జలాశయంలో నీరు నిలిచినప్పుడు అక్కడే డయాటమ్‌లు పెరిగి, చచ్చి, సిలికాను అడుగు బురదలో కలుపుతాయి. డాన్యూబ్ నదిపై 1970ల ఆరంభంలో ఐరన్ గేట్స్ ఆనకట్ట కట్టిన తరువాత నల్ల సముద్రంలో సిలికా బాగా తగ్గి, డయాటమ్‌ల స్థానంలోకి ఇతర ప్లవకాలు వచ్చాయి. అదే సమయంలో ఎరువుల నత్రజని పెరగడంతో సమస్య రెట్టింపైంది.

ఎరువులు మితిమీరితే ఇంకొక ప్రమాదం. మిసిసిపీ నది మొక్కజొన్న పొలాల నత్రజనిని మెక్సికో సింధుశాఖకు చేరుస్తుంది. అక్కడ ప్లవకాలు విపరీతంగా పెరిగి, చచ్చి అడుగుకు చేరి కుళ్ళుతూ ప్రాణవాయువునంతా లాగేస్తాయి. 2017 వేసవిలో అలా ఊపిరాడని అడుగునీరు 22,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంది. మన బంగాళాఖాతంలో సహజంగానే 100 మీటర్ల కింద ప్రాణవాయువు దాదాపు శూన్యానికి చేరిన పొర ఉంది. కనుక ఆయకట్టు గారి 680 బస్తాలు సముద్రానికి బహుమానమని సంతోషించే ముందు కొంచెం జాగ్రత్త పడాలి.

నాగావళి_ఆయకట్టు
బస్తా కొనేది నేను, అది పైరుకు అందకుండా పోతే నష్టపోయేదీ నేనే. వేసిన యూరియాలో వరి తీసుకునేది సగం కన్నా తక్కువని వ్యవసాయ శాఖవారు చెబుతూనే ఉంటారు. ఒకేసారి చల్లకుండా మూడు దఫాలుగా చల్లమని, నీరు తీసి పలుచగా ఉన్నప్పుడు వేయమని అంటారు. అది చేస్తున్నాం. కానీ మీరెవరూ నా అసలు ప్రశ్నకు జవాబు చెప్పలేదు. వంశధార నీటి కోసం హిరమండలం జలాశయాన్ని సుమారు 19 టీఎంసీలు నిల్వ చేసేలా కట్టారు. దానిని నింపాలా వద్దా?

తోటపల్లి_తూము
నింపాలి, కానీ ఏ నీటితో నింపాలన్నది చూడాలి. ఇందులో రైతుకు, జాలరికి ఒకే ప్రయోజనం ఉందని నా అభిప్రాయం. మన నదులలో మట్టి, సేంద్రియ పదార్థం అధిక భాగం కొద్ది వరద రోజులలోనే కదులుతాయి, అందులోనూ తొలి వరదలలో ఎక్కువ. ఆ నీటిని జలాశయంలోకి తీసుకుంటే దాని అడుగు పూడుతుంది, ఏటికేడు నిల్వ తగ్గుతుంది. చైనాలో పసుపు నదిపై సాన్‌మెన్‌షియా ఆనకట్ట 1960లో నీరు నిలపగానే కొద్ది కాలంలోనే ఒండ్రుతో విపరీతంగా పూడిపోయింది. తరువాత అడుగు తూములు తెరిచి, 1970ల నుంచి వరద కాలపు బురదనీటిని వదిలి, తేటనీటిని మాత్రమే నిల్వ చేసే పద్ధతికి మారారు. మనమూ తొలి ఎర్రనీటిని సముద్రానికి పోనిచ్చి, ఆగస్టు చివర, సెప్టెంబరులలో వచ్చే కాస్త తేరిన నీటిని పట్టుకుంటే, జలాశయమూ పూడదు, మొగా మూసుకుపోదు.

నాగావళి_ఆయకట్టు
ఆగస్టు చివర నీరు వస్తుందని హామీ ఎవరిస్తారు? వర్షం ముఖం చాటేసిన ఏడాది తొలి నీటిని వదిలేశారని అధికారులను తిట్టేది మేమే. మంచి వర్షాల ఏడాదికి మీ పద్ధతి సరే, మిగిలిన ఏళ్ళకు నేను ఒప్పుకోను.

బారువ_దీపస్తంభం
ఆ మాట కాదనలేం. మన పరిధిలో ఉన్న చిన్న పనొకటి చెబుతాను. మా దగ్గరి ఉన్నత పాఠశాల పిల్లలతో మొగ నీటిని కొలిపించాలని ఆలోచన ఉంది. ప్రయోగశాల లేకుండా ఏమేమి కొలవవచ్చు?

సాగర_విద్యార్థి
నీటి తేటదనాన్ని తప్పకుండా కొలవవచ్చు. 20 లేదా 30 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రని రేకు పళ్ళేనికి తెల్లరంగు వేసి, మధ్యలో తాడు కట్టి, కింద బరువు వేలాడదీసి నీటిలోకి దించాలి. అది కనుమరుగైన లోతును, తిరిగి పైకి లాగుతుంటే కనిపించిన లోతును రాసుకుని సగటు తీయాలి. దీన్ని సెచ్చి బిళ్ళ అంటారు, 1865లో సెచ్చి అనే ఇటలీ శాస్త్రవేత్త వాడినప్పటి నుంచి సముద్ర పరిశోధనలో ఉంది. మధ్యాహ్నపు వేళ, పడవ నీడ పడే వైపు నుంచి చూడాలి, లేకపోతే నీటి మీది మెరుపు మోసం చేస్తుంది.

ఉప్పుమడి_నౌపడ
నీటిలో ఉప్పు ఎంత ఉందో చూసే చేతి పరికరం రొయ్యల చెరువులున్న ప్రతివారి దగ్గరా ఉంటుంది, అడిగితే ఒక పూట ఇస్తారు. పోటు మీద ఒకసారి, పాటు (నీరు వెనక్కి తీసే వేళ) మీద ఒకసారి, ఒకే చోట చూడాలి. జూన్‌లో మొదలుపెట్టి డిసెంబరు దాకా రాసుకుంటే కోనాడ గారు చెప్పిన గంగమ్మ వాటా కూడా పట్టుబడుతుంది. వర్షాలు ఆగి నది తగ్గిన తరువాత సముద్రం వైపు ఉప్పు తగ్గితే, ఆ మంచినీరు మన నదిది కాదు.

కళింగపట్నం_లంగరు
కళింగపట్నం వైపు కొలవడానికి మా మేనమామ పడవ ఇస్తానన్నారు. బావగారు పుస్తకం పట్టుకుని అంకెలు రాస్తానన్నారు, మేనమామ చెప్పిన అంకెలను మాత్రం తాను నమ్మనని ముందే షరతు పెట్టారు. తాడు మీద గుర్తులు ఎన్ని సెంటీమీటర్లకు ఒకటి వేయాలి?

సాగర_విద్యార్థి
ఎర్రనీటి కాలానికి 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున వేయండి, అప్పుడు బిళ్ళ జానెడు లోతులోనే మాయమవుతుంది. నవంబరు నాటికి 25కు ఒకటి చాలు. నైలాను తాడు తడిస్తే సాగుతుంది, కనుక నానబెట్టిన తరువాతే గుర్తులు వేయండి.